ఆరిన వత్తి పరిమళం

థాయిలాండు దేశపు సంప్రదాయ వంటశాలలలో ఒక చిత్రమైన కొవ్వొత్తి కనిపిస్తుంది. దానిని వెలుగు కోసం వెలిగించరు. ఆర్పడం కోసం వెలిగిస్తారు. నెలవంకవలె వంగి, రెండు కొనలలోను వత్తి బయటికి వచ్చి ఉండే ఆ కొవ్వొత్తిని థాయి భాషలో ‘తియెన్ ఓప్’ అంటారు. ‘తియెన్’ అనగా కొవ్వొత్తి. ‘ఓప్’ అనగా ఒక వస్తువును మూసిన పాత్రలో ఉంచి వేడినో పరిమళాన్నో పట్టించడం. మిఠాయిలను పెద్ద జాడీలోనో, మూత గట్టిగా పట్టే గిన్నెలోనో అంచుల వెంబడి పేర్చి, నడుమ ఖాళీలో చిన్న కప్పు పెట్టి, అందులో ఈ కొవ్వొత్తిని నిలుపుతారు. రెండు కొనలను వెలిగించి, మైనం కొద్దిగా కరిగి వత్తికి ఎక్కేవరకు ఆగి, ఊది ఆర్పివేస్తారు. తెల్లని పొగ సుడులు తిరుగుతూ లేచిన మరుక్షణమే మూత పెడతారు. పావుగంటకో అరగంటకో మూత తీసి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఆర్పుతారు. ఇట్లా రెండు మూడుసార్లు చేసిన పిమ్మట ఆ మిఠాయిని నోట వేసుకొంటే, పంచదార తీపికి వెనుకగా తేనెను, చందనాన్ని, పూలను, పాతకాలపు పూజగదిని తలపించే ఒక సువాసన నెమ్మదిగా పైకి వస్తుంది.

పొగ పట్టించిన ఆహారం లోకానికి కొత్తది కాదు. చేపలను, మాంసాన్ని ఉప్పులో ఊరవేసి, కట్టెల పొగలో ఆరబెట్టి నెలల తరబడి నిలువ చేసుకొనే అలవాటు అనేక దేశాలలో ఉన్నది. అక్కడ పొగకు మొదటి పని నిలువ చేయడం; రుచి ఆ తరువాత వచ్చినది. థాయి మిఠాయిల విషయం వేరు. వంట పూర్తయి, చల్లారి, తినడానికి సిద్ధంగా ఉన్న పదార్థానికి కేవలం వాసన కోసమే ఈ పొగ పట్టిస్తారు. అందుకు వాడే ధూమం కూడ గుప్పెడే. ఆ గుప్పెడు ధూమంలో జరిగే రసాయన వ్యాపారం మాత్రం చిన్నది కాదు.

పూర్వం థాయి రాజాంతఃపురాలలో వస్త్రాలకు కూడ పరిమళ ధూపం పట్టించేవారు. ఉతికి ఆరవేసిన బట్టలను మూసిన పాత్రలలో ఉంచి, పూలతోను సుగంధద్రవ్యాల పొగతోను పదే పదే వాసన పట్టించే ఆ పనిని ‘ఓప్ రమ్’ అంటారు. వస్త్రాలకు చేసిన ఆ సేవే భక్ష్యాలకూ దక్కింది. 1809 నుండి 1824 వరకు బ్యాంకాకు నుండి పాలించిన రెండవ రాముడు అంతఃపుర భక్ష్యభోజ్యాలను కీర్తిస్తూ పద్యాలు రచించాడు. అందులో కొబ్బరిపాలలో తేలే సన్నని పోగుల తీపివంటకమైన ‘సాలిం’ ప్రస్తావన ఉన్నది. నేటికీ సాలిం చేసేవారు కొబ్బరిపాలకు కొవ్వొత్తి పొగ పట్టించనిదే ఆ వంటకం పూర్తయినట్లు భావించరు. పదిహేడవ శతాబ్దంలో అయుత్థయ నగరంలో నివసించిన మరియా గియోమార్ ద పిన్యా అనే పోర్చుగీసు సంతతి స్త్రీ కోడిగుడ్డు పచ్చసొనతో చేసే మిఠాయిలను థాయి వంటలోకి తెచ్చినదని ప్రతీతి. పచ్చసొన చేరిన మిఠాయికి కొంత నీచువాసన తప్పదు. ‘థాంగ్ ఏక్’ వంటి పచ్చసొన మిఠాయిలకు ధూపం పట్టించడంలో ఆ నీచును కప్పిపుచ్చే ఉపాయం కూడ ఉన్నది.

ఇక కొవ్వొత్తిని పరిశీలించాలి. దీనికి ఆధారం తేనెమైనం. అందులో కలిపే ద్రవ్యాలు చేసేవారిని బట్టి మారుతాయి. సాంబ్రాణి, చందనపు పొడి, జాజికాయ, బొడిపెల తొక్క గల మక్రూత్ అనే ఒక జాతి నిమ్మపండు తొక్క, పచ్చకర్పూరాన్ని పోలిన ‘ఫిమ్‌సేన్’, వట్టివేరు, కొద్దిగా ఎర్ర చక్కెర, పూల అత్తరులు అందులో తరచుగా వినిపించే పేర్లు. ఈ పొడులను కరిగిన మైనంతో ముద్ద చేసి, నూలు వత్తి చుట్టూ పొదిగి, చేతితో దొర్లించి వంచుతారు. అంటే ఇది వత్తి చుట్టూ కట్టిన ధూపద్రవ్యాల పొట్లం వంటిది. మైనం ఇంధనంగాను, వాహనంగాను రెండు విధాల పనిచేస్తుంది.

ఇన్ని సుగంధాలు ఉన్న కొవ్వొత్తిని వెలుగుతుండగానే జాడీలో ఎందుకు ఉంచరు? ఆర్పి ఎందుకు ఉంచుతారు? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఈ కళలో సగం తెలిసినట్లే. మండుతున్న కొవ్వొత్తి మంటలో అత్యంత వేడి భాగపు ఉష్ణోగ్రత సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో ఆక్సిజన్ అందితే మైనపు అణువులైనా, సుగంధ అణువులైనా ముక్కలై చివరకు కార్బన్ డయాక్సైడుగా, నీటిఆవిరిగా మారిపోతాయి. ఈ రెండింటికీ వాసన లేదు. మంట పరిమళాన్ని తినివేస్తుంది. ఊది ఆర్పిన క్షణాన మంట పోతుంది కాని వత్తి కొనన నిప్పు మిగులుతుంది. ఆ నిప్పు కొన్ని వందల డిగ్రీల వేడితో కొద్దిసేపు నిలుస్తుంది. ఆ వేడికి మైనం ఆవిరి అవుతుంది. సుగంధద్రవ్యాలలో కొన్ని యథాతథంగా ఆవిరై లేస్తాయి, మరికొన్ని విడిపోయి చిన్న అణువులవుతాయి. కాని వాటిని పూర్తిగా దహించివేసే జ్వాల అక్కడ లేదు. చల్లని గాలి తగలగానే మైనపు ఆవిరి అతి సూక్ష్మమైన బిందువులుగా గడ్డకడుతుంది. కంటికి తెల్లగా కనిపించే పొగ అదే. కొల్లాయిడ్ కణాలు కాంతిని చెదరగొట్టడాన్ని టిండాల్ ఫలితం అంటారని రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలుసు. ఆ తెలుపునకు కారణం అదే.

ఈ పొగ కాలని మైనమేనని లోకానికి అత్యంత మనోహరంగా చూపినవాడు మైకేల్ ఫారడే. ఆయన 1860 డిసెంబరు, 1861 జనవరి నెలలలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికల కోసం కొవ్వొత్తి రసాయన చరిత్రపై ఆరు ఉపన్యాసాలిచ్చాడు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుండి లేచే పొగకు, వత్తికి రెండు మూడు అంగుళాల దూరంలో, వెలుగుతున్న పుల్లను తాకిస్తే మంట ఆ పొగ వెంబడి పరుగెత్తి వచ్చి వత్తిని తిరిగి అంటించడం ఆయన చూపిన ప్రదర్శనలలో ఒకటి. ఇంధనం కాని పొగ అట్లా అంటుకోదు. థాయి వంటగత్తెలకు ఫారడే ఉపన్యాసాలతో పని లేదు. మూత ఒక్క క్షణం ఆలస్యమైతే పరిమళం చేజారుతుందని వారికి చేతివాటంగా తెలుసు.

ఈ కొవ్వొత్తిలోని ద్రవ్యాలలో ముఖ్యమైనది తెలుగువారికి చిరపరిచితమైనది. అది సాంబ్రాణి. తలంటి పోసిన పసిబిడ్డ జుట్టును, బాలింతరాలి జుట్టును నిప్పులపై చల్లిన సాంబ్రాణి ధూపంతో ఆర్చడం తెలుగు ఇళ్ళలో తరతరాల ఆచారం. థాయిలు దీనిని ‘కమ్యాన్’ అంటారు. ఇది స్టైరాక్స్ జాతి చెట్ల నుండి కారే బంక. సుమత్రా దీవిలో దొరికేది ఒక రకం. లావోస్ ఉత్తరపు కొండలలోను, వియత్నాం ఉత్తర భాగంలోను పెరిగే స్టైరాక్స్ టాంకినెన్సిస్ చెట్టు ఇచ్చేది మరొక రకం. ఈ రెండవదానికి వ్యాపారంలో సయాం సాంబ్రాణి అని పేరు. సయాం థాయిలాండుకు పూర్వనామం. చెట్టు ఎక్కువగా పెరిగేది లావోస్‌లోనే అయినా, ఆ సరుకు విదేశాలకు సయాం మీదుగా పోయేది గనుక దారి పేరే సరుకుకు స్థిరపడింది. కొండ వాలులలో పోడు కొట్టి వరి పండించి, ఆ తరువాత బీడు పెట్టిన నేలలో ఈ చెట్లు మొలిచి పెరుగుతాయి. కొన్నేళ్ళు పెరిగిన చెట్టు బెరడుకు రైతులు గాట్లు పెడతారు. గాయాన్ని మాన్పుకోవడానికి చెట్టు స్రవించే పాలవంటి రసం నెలల తరబడి గడ్డకట్టి బాదంపప్పు వంటి పలుకులు అవుతుంది. ఆ పలుకులను రైతులు వలిచి తెస్తారు. గాయపడని చెట్టు ఈ బంకను ఇవ్వదు.

ఈ బంక పేరులో ఒక దీర్ఘ యాత్ర దాగి ఉన్నది. అరబ్బు వర్తకులు దీనిని ‘లుబాన్ జావీ’, అనగా జావా ధూపం అని పిలిచేవారు. ఐరోపా భాషలలోకి పోయేటప్పుడు మొదటి అక్షరాన్ని వారు తమ భాషలోని ఒక ఉపపదంగా భ్రమించి వదలివేశారు. మిగిలినది నోళ్ళలో నలిగి ‘బెంజోయిన్’ అయింది. ఆ బంకను వేడిచేస్తే లేచి పాత్ర పైభాగాన సూదులవలె పేరుకొనే స్ఫటికాలకు బెంజోయికామ్లం అని పేరు వచ్చింది. 1833లో మిషెర్లిష్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి ఒక ద్రవాన్ని రాబట్టి, దానికి పెట్టిన పేరు నుండే నేడు ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే బెంజీన్ అనే మాట ఏర్పడింది. ఆ ద్రవాన్నే అంతకు ముందు 1825లో, దీపాలకు వాడే వాయువు నుండి చేరిన మడ్డిలో కనుగొన్నవాడు కొవ్వొత్తి ఉపన్యాసాల ఫారడేనే! కర్బన రసాయనశాస్త్రపు ఒక మూలస్తంభం పేరు సాంబ్రాణి పొగలో నుండి పుట్టిందన్న సంగతి పాఠ్యపుస్తకాలలో అంతగా కనబడదు.

సయాం సాంబ్రాణిలో సగానికి మించిన భాగం కోనిఫెరిల్ బెంజోయేట్ అనే ఎస్టర్. కోనిఫెరిల్ ఆల్కహాల్, బెంజోయికామ్లం కలిసి ఏర్పడిన సంయోగపదార్థం ఇది. దీనికి తోడు స్వేచ్ఛగా ఉన్న బెంజోయికామ్లం, కొద్దిగా వెనిలిన్ కూడ అందులో ఉంటాయి. వత్తి కొనన ఉన్న నిప్పు తగిలినప్పుడు ఎస్టర్ బంధం తెగుతుంది. బెంజోయికామ్లం ద్రవంగా మారవలసిన అవసరం లేకుండానే ఉత్పతనం చెంది ఆవిరి అవుతుంది. దీనికి సొంత వాసన స్వల్పం. కాని దాని ఆవిరి గొంతును గీరుతుంది. సాంబ్రాణి పొగ మరీ దగ్గరగా పీల్చినవారికి దగ్గు రావడానికి అది ఒక కారణం. కోనిఫెరిల్ భాగంలో బెంజీను వలయానికి తగిలించిన మూడు కర్బనాల తోక ఒకటి ఉన్నది. వేడిలో, గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో ఆ తోక ద్విబంధం వద్ద తెగితే మిగిలేది వెనిలిన్. ఐస్‌క్రీములోను కేకులోను అందరికీ పరిచితమైన వెనిల్లా వాసనకు మూలమైన అణువు ఇదే.

వెనిలిన్‌ను మొదటిసారి శుద్ధరూపంలో వేరుచేసినవాడు ఫ్రాన్సుకు చెందిన గోబ్లే. అది 1858 నాటి మాట. 1874లో టీమాన్, హార్మాన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమంగా తయారుచేశారు. అందుకు వారు ఎన్నుకొన్న ముడిపదార్థం సరళజాతి వృక్షాల రసంలో లభించే కోనిఫెరిన్. కోనిఫెరిల్ ఆల్కహాల్‌కు గ్లూకోజ్ తగిలించిన రూపమే అది. వారు ప్రయోగశాలలో ఆక్సీకరణ చర్యతో చేసిన పనికి, థాయి వంటగత్తె జాడీలో వత్తి కొనన జరిగే పనికి బంధుత్వం ఉన్నది. రెండింటిలోను కోనిఫెరిల్ నిర్మాణం తెగి వెనిలిన్ అవుతుంది. పద్ధతులు వేరు; అణువు ఒకటే.

అయితే ఈ ధూమం వెనిలిన్ ఒక్కటే కాదు. చందనపు పొడి వంటి కట్టె పదార్థాలలోని లిగ్నిన్ వేడికి విడిపోయి గ్వాయకాల్ వంటి ఫీనాళ్ళను ఇస్తుంది. పొగకు పొగవాసన ఇచ్చేవి అవే. ఎర్ర చక్కెర కమిలి పాకం మాడిన వాసన ఇస్తుంది. నిమ్మతొక్క నుండి లిమోనీన్, పైనీన్ వంటి టెర్పీన్లు లేస్తాయి. ఫిమ్‌సేన్‌లో ఉండే బోర్నియాల్ కర్పూరపు చల్లదనాన్ని తెస్తుంది. దేవాలయపు చక్కెరపొంగలిలో చిటికెడు పచ్చకర్పూరం వేసినప్పుడు కలిగే అనుభవానికి ఇది దగ్గరిది. తేనెమైనం తన వంతుగా తేనె ఛాయను కలుపుతుంది. వీటన్నిటికీ ఆవిరి అయ్యే వేగం ఒకటి కాదు. లిమోనీన్ మరిగే స్థానం సుమారు 176 డిగ్రీలు. వెనిలిన్ మరిగే స్థానం సుమారు 285 డిగ్రీలు. అందుచేత మూత తీసిన వెంటనే ముక్కుకు తగిలేది నిమ్మ, కర్పూరాల తేలిక వాసన. మరునాడు తినేవారికి మిగిలేది వెనిలిన్, ఫీనాళ్ళ బరువైన వాసన. ధూపం పట్టించిన నాటి మిఠాయికి, మరునాటి మిఠాయికి రుచిలో తేడా ఉండడం ఇందువల్లనే.

పరిమళం పుట్టడం ఒక ఎత్తు. దానిని పట్టి ఉంచడం మరొక ఎత్తు. ‘ఖనోం క్లీప్ లమ్‌దువన్’ అనే మిఠాయి ఇందుకు చక్కని ఉదాహరణ. లమ్‌దువన్ అనేది సీతాఫలం కుటుంబానికి చెందిన ఒక సువాసన గల పూలచెట్టు. థాయిలాండులోని సీసకేత్ రాష్ట్రానికి అది ప్రతీక. ఆ పువ్వు ఆకారంలో చేసే మిఠాయి ఇది. గోధుమ పిండి, పంచదార, నూనె కలిపి ముద్ద చేసి, చిన్న ఉండలు కడతారు. ఒక్కొక్క ఉండను కత్తితో నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని తీసివేసి, మిగిలిన మూడింటిని మూడు రేకులుగా అమరుస్తారు. తీసిన భాగాన్ని గుండ్రంగా చుట్టి నడిమి బొడిపెగా పెడతారు. తెల్లదనం చెడకుండా మంద్రమైన వేడిలో కాలుస్తారు. ఇందులో యాలకులు, జాజికాయ వంటివి ఏవీ వేయరు. పిండి, తీపి, నూనె తప్ప దీనికి సొంత వాసన లేదు. అదే దీని యోగ్యత. సొంత గొంతు లేని ఈ మిఠాయి ధూపానికి తన గొంతును పూర్తిగా అప్పగిస్తుంది.

ఈ మిఠాయి పొగను పట్టుకోవడానికి కారణాలు రెండు. కాలిన తరువాత ఇది పొడిగా, సన్నని రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. పొగలోని ఆవిరి ఆ రంధ్రాలలోకి చొరబడి చాలా లోతుకు పోగలదు. ఇక రెండవది నూనె. సుగంధ అణువులలో చాలాభాగం నీటిలో కంటె నూనెలో సులభంగా కరుగుతాయి. పిండి రేణువుల చుట్టూ పరచుకొన్న నూనెపొర వాటిని ఆకర్షించి నిలుపుకొంటుంది. సాంబ్రాణి ధూపం నూనె అంటిన జుట్టులో చాలాసేపు నిలవడం కూడ ఈ కోవకే చెందుతుంది. మిఠాయి నోటిలో కరిగినప్పుడు శరీరపు వేడికి ఆ అణువులు నూనెను విడిచి ఆవిరి అవుతాయి. అవి గొంతు వెనుక దారిన నాసికలోకి చేరుతాయి. తింటున్నవారు రుచి అనుకొనేది నిజానికి ఊపిరి విడిచేటప్పుడు ముక్కు లోపలి నుండి తెలిసే వాసనే. జలుబు చేసినవారికి ఈ మిఠాయి ఉత్త తీపిగా తోస్తుంది.

సాలిం సంగతి కొంత భిన్నమైనది. పెసల నుండి తీసిన స్టార్చిని నీటిలో ఉడికించి, గట్టిపడుతున్న ముద్దను రంధ్రాల గొట్టం గుండా చల్లని నీటిలోకి వత్తి సన్నని పోగులు చేస్తారు. వాటిని తీపి కొబ్బరిపాలలో వేసి ఇస్తారు. ధూపం పట్టించేది ముఖ్యంగా కొబ్బరిపాలకు. కొబ్బరిపాలు నీటిలో చెదరి ఉన్న కొవ్వు బిందువుల ఎమల్షన్. పొగ తాకే ఉపరితలం దానికి విస్తారంగా ఉంటుంది. కొవ్వులో కరిగేవి కొవ్వు బిందువులలోకి, నీటిలో కరిగేవి నీటిలోకి చేరుతాయి. పెసర స్టార్చిలో అమైలోజ్ పాలు ఎక్కువ. అమైలోజ్ అణువు మెట్లబావివలె చుట్లు చుట్టుకొని ఉంటుంది. స్టార్చికి అయోడిన్ కలిపితే నీలిరంగు రావడం అయోడిన్ ఆ చుట్ల నడుమ ఇరుక్కోవడం వల్లనే. అదే విధంగా కొన్ని సుగంధ అణువులు కూడ ఆ చుట్లలో చిక్కుకొని నెమ్మదిగా విడుదల కాగలవు.

నీటికి ధూపం పట్టించడం అన్నిటికంటె కష్టమైన పని. ‘ఖావ్ చే’ అనే వేసవి ఆహారంలో ఈ కష్టం కనిపిస్తుంది. ఇది మూలంలో మోన్ జాతి వారిది. ఏప్రిల్ నెలలో వచ్చే ‘సోంక్రాన్’ పండుగ నాటి వంటకంగా ప్రసిద్ధి పొంది, తరువాత రాజాంతఃపురానికి చేరింది. సోంక్రాన్ అనే మాట సంస్కృతంలోని సంక్రాంతి శబ్దభవమే. ఎండలు మండే ఆ రోజులలో, ఉడికించి కడిగిన అన్నాన్ని పరిమళభరితమైన చల్లని నీటిలో వేసి, ఉప్పు కారాల నంజులతో తింటారు. ఆ నీటిని కుండలో పోసి, సాయంకాలం విచ్చబోయే మల్లెలను కాడలు నలగకుండా తేలవేసి, మూతపెట్టి రాత్రంతా ఉంచుతారు. తెల్లవారకముందే పూలను తీసివేస్తారు. వాడిన రేకు వదిలే పసరువాసన నీటికి పట్టకూడదు. మల్లెలలోని బెంజైల్ ఎసిటేట్, లినలూల్ వంటివి నీటిని చేరుతాయి. ఆ తరువాత కుండ నీటిమీద చిన్న పాత్రలో కొవ్వొత్తిని తేల్చి, వెలిగించి, ఆర్పి, మూతవేస్తారు. ఇక్కడ కొవ్వు సహాయం లేదు. లిమోనీన్ నీటిలో కరగదనే చెప్పాలి. వెనిలిన్ మాత్రం ఒక లీటరు నీటిలో సుమారు 10 గ్రాముల వరకు కరుగుతుంది. కనుక ఒకే కొవ్వొత్తి పొగ మిఠాయికి పట్టినప్పుడు ఒక రాగం, నీటికి పట్టినప్పుడు మరొక రాగం పలుకుతుంది. నీరు తనకు ఇష్టమైన స్వరాలను ఎన్నుకొంటుంది.

ధూపం పట్టించే ముందు పదార్థం పూర్తిగా చల్లారాలి. వేడి పదార్థం మీద ఆవిరి నిలవదు. పైగా దాని తడి ఆవిరి జాడీ గోడలకు చెమరించి మిఠాయి మీద చుక్కలుగా రాలుతుంది. పొగను ఒకేసారి దట్టంగా కాక కొద్ది కొద్దిగా పలుమార్లు పట్టించడంలోనూ అర్థం ఉన్నది. మూసిన జాడీలో గాలికి, మిఠాయికి మధ్య సమతాస్థితి ఏర్పడిన తరువాత ఆ పొగ నుండి ఇక కొత్తగా చేరేది స్వల్పం. కొత్త పొగ వస్తేనే మరికొంత లోపలికి పోతుంది. దట్టమైన పొగ ఎక్కువసేపు ఉంటే ఫీనాళ్ళు, మైనపు బిందువులు మిఠాయి పైపొర మీద పేరుకొని చేదు, జిడ్డు పుట్టిస్తాయి. ఎప్పుడు ఆపాలో చెప్పే కొలత ఏ పుస్తకంలోను పూర్తిగా దొరకదు. పొగ రంగు, మిఠాయి మందం, నాటి గాలిలోని తేమ చూసి నిర్ణయించుకోవలసినదే. ఈ విద్యలో నిజమైన నేర్పు కొవ్వొత్తి చేయడంలో కంటె ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చు.

చేదు ఒక్కటే కాదు, ఆరోగ్య ప్రశ్న కూడ ఉన్నది. కర్బన పదార్థాలు సరిగా మండక ఉష్ణవిఘటనం చెందినప్పుడు అనేక బెంజీను వలయాలు అతుక్కొన్న అణువులు కొద్దిగానైనా ఏర్పడతాయి. అందులో ఐదు వలయాల బెంజోపైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ఇటువంటి అణువులు కొవ్వులో సులభంగా కరుగుతాయి. వేడి పెరిగేకొద్దీ, మసి పెరిగేకొద్దీ వాటి పాలు పెరుగుతుంది. పరిమళాన్ని మంచిగా పట్టుకొనే గుణమే చెడును కూడ పట్టుకొంటుందన్నమాట. అందువల్ల వత్తిని చిన్నదిగా కత్తిరించడం, నల్లమసి విడిచే కొవ్వొత్తిని పక్కన పెట్టడం, పొగను పరిమితం చేయడం రుచికే కాక ఆరోగ్యానికీ అవసరం. అలంకారానికి అమ్మే రంగురంగుల పరిమళ కొవ్వొత్తులను ఈ పనికి వాడడం ప్రమాదకరం. వాటిలోని రంగులు, అత్తరులు తినడానికి ఉద్దేశించినవి కావు. బజారులో పూజకు, అలంకరణకు అమ్మే మల్లెలమీద పురుగుమందు చల్లి ఉండవచ్చు గనుక ఖావ్ చే నీటికి పెరటి పూలనే కోరుకొంటారు.

థాయిలాండు అంగళ్ళలో కొవ్వొత్తి పొగ వాసన గల ఎసెన్సు సీసాలలో దొరుకుతుంది. రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. జాడీ అక్కరలేదు, నిరీక్షణ అక్కరలేదు, మసి భయం అంతకంటె లేదు. రోజుకు వేల మిఠాయిలు చేసే కర్మాగారానికి అది అనివార్యం కావచ్చు. దానిని తక్కువ చేయవలసిన పనిలేదు. అయినా రెండూ ఒకటి కావు. సీసాలోని ఎసెన్సు పిండిలో మొదటే కలుస్తుంది. కాలేటప్పుడు తేలిక అణువులు ఎగిరిపోతాయి. మిఠాయి పొడవునా ఒకే మోతాదు వాసన ఉంటుంది. ధూపం పట్టించిన మిఠాయిలో పైపొరన సువాసన దట్టంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలుచనవుతుంది. కొరికిన మొదటి క్షణాన గుప్పుమని, నములుతున్నకొద్దీ సన్నగిల్లే ఆ వాసన క్రమం పైనుండి లోపలికి పాకిన పొగకు గుర్తు. కొద్ది అణువులతో కూర్చిన ఎసెన్సుకు అంతటి వంపు దొరకదు.

ఎసెన్సు పెరిగితే కొవ్వొత్తికి, కొవ్వొత్తితోపాటు దానిని చేత్తో దొర్లించే వారికి గిరాకీ తగ్గుతుంది. లావోస్ కొండలలో పండే సాంబ్రాణిలో అధికభాగం కొనేది వంటవారు కాదు, ఐరోపాలోని సుగంధ పరిశ్రమ. ఆ కొనుగోలు ఉన్నంతకాలం రైతు బీడునేలలో స్టైరాక్స్ మొక్కలను ఎదగనిస్తాడు. అది తగ్గితే ఆ నేలలోనే మొక్కజొన్నయో రబ్బరో వేసుకోవడం అతనికి లాభసాటి. గాటు పెట్టదగిన చెట్టు ఎదగడానికి ఏడెనిమిది సంవత్సరాలు పడుతుంది. ఒకసారి నరికిన తోటను మరుసటి పండుగకు తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు. ప్రస్తుతానికి బ్యాంకాకు సంతలలో నెలవంక కొవ్వొత్తులు పొట్లాలుగా అమ్ముడవుతూనే ఉన్నాయి. పెండ్లిండ్లకు లమ్‌దువన్ పూల మిఠాయిలు చేసే ఇళ్ళలో, ముందురోజు సాయంత్రం జాడీ మూతలు ఒకటొకటిగా లేస్తూ, పడుతూ ఉంటాయి.